పెద్ద టైర్లు వేసే ముందు ఇరుసు సంగతి

బెంగళూరు

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నమ్మికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న జేసీ రోడ్డు నుంచి నేను మోసుకొచ్చిన ఇనుప సామాను చూసి, "టైర్లు పెద్దవి వేయడానికి ఇవన్నీ ఎందుకు తాతయ్యా?" అన్నావు పెద్దోడా. ఇంతలో అమ్మమ్మ భోజనానికి పిలిచింది, మాట సగంలో ఆగిపోయింది. ఫోన్లో చెబితే ఊఁ కొడుతూ ఆట ఆడుకుంటావు, అందుకే రాస్తున్నా.

అసలు పెద్ద టైరు ఎందుకు? జీపు కింద ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా వేలాడే హౌసింగు, అంటే లోపల గేర్లుండే ఇనుప డొల్ల ఉంది చూడండి, రాయి తగిలేది దానికే. స్ప్రింగులు మార్చి బాడీని ఎంత లేపినా ఆ గుమ్మడికాయ లేవదు. దాన్ని లేపేది టైరొక్కటే. 29 అంగుళాల టైరు తీసి 33 వేస్తే నాలుగు అంగుళాలు పెరిగినట్టు అనిపిస్తుంది, కానీ కింద దొరికే ఎత్తు అందులో సగం, రెండంగుళాలే. ఆ రెండంగుళాల కోసమే ఇంత ఖర్చు.

ఇప్పుడు లెక్క. 29 అంగుళాల టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 231 సెంటీమీటర్లు కదులుతుంది. 33 అయితే 263. అంటే ఇంజన్ అదే, బలం అదే, కానీ ప్రతి చుట్టుకూ ఎక్కువ దూరం తోయాలి. గేర్ల సైకిల్ మీద గట్టి గేరులో మిట్ట ఎక్కితే తొడలు పట్టేస్తాయే, ఇంజన్‌కూ అంతే. పైగా కేబుల్‌తో నడిచే పాత స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 68లో పోతుంటుంది.

దీనికి మందు క్రౌన్, పినియన్. ఇంజన్ నుంచి వచ్చే పొడుగు షాఫ్టు చివర చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే నిష్పత్తి 4.10, అంటే ఆ పొడుగు షాఫ్టు 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. టైరు పెరిగినంత మేర దీన్నీ పెంచితే 4.67 రావాలి. దగ్గర్లో మామూలుగా దొరికేవి 4.56, 4.88. నన్నడిగితే 4.88, ఎందుకంటే పెద్ద టైరు బరువు కూడా ఎక్కువే. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఒకే నిష్పత్తి ఉండాలి సుమా. వెనక ఒక్కటే మార్చి గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేస్తే, అంటే నాలుగు చక్రాలనూ ఇంజన్‌తో తిప్పిస్తే, ముందొకటి వెనకొకటి లాక్కుని ఏదో ఒకటి పగులుతుంది.

క్రౌన్, పినియన్ జంటగా అరగదీసి అమ్ముతారు, ఒకటి పాతది ఒకటి కొత్తది కలపకూడదు. పళ్ల మధ్య సందు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంచుతాం, రెండు కాగితాల మందం అనుకోండి. పళ్లకు రంగు పూసి తిప్పితే రాపిడి గుర్తు పంటి మధ్యలో పడాలి. అంచున పడితే మళ్లీ విప్పి, పల్చటి రేకులు వేసి బిగించాలి. వయసులో ఉన్నప్పుడు ఒక రాత్రి ఆకలేసి ఆ గుర్తు చూడకుండానే మూత బిగించేశా. బండి కూత పెడుతూ వారంలోనే తిరిగొచ్చింది. మూత తీస్తే అడుగున నూనెలో పళ్ల ముక్కలు మెరుస్తున్నాయి. ఆ నెల జీతం దానికే పోయింది.

4.88 గేరు వేశాక, హౌసింగు లోంచి చక్రానికి వెళ్లే ఇరుసు షాఫ్టు మీద భారం 19 శాతం పెరుగుతుంది. చిన్నమ్మీ, నువ్వు చేత్తో తడిమి చూసిన విరిగిన కడ్డీ అదే. చివరి గాడులు నీ జడపాయల్లా మెలిపడి ఉన్నాయి కదా, విరిగే ముందు అలా మెలితిరుగుతుంది. లావు కొంచెం పెంచినా బలం బాగా పెరుగుతుంది: 30 మిల్లీమీటర్లది 33 చేస్తే మూడో వంతు బలం ఎక్కువ.

మా నాన్న ఎద్దులబండి ఇరుసు తిరగదు, బరువు మోస్తుంది అంతే, చక్రాలే దాని చుట్టూ తిరుగుతాయి. చాలా జీపుల వెనక షాఫ్టు మాత్రం తిరగడమూ, మోయడమూ రెండూ చేస్తుంది. అది విరిగితే చక్రమే ఊడి పోవచ్చు. ఫుల్ ఫ్లోటింగ్ అనే రకంలో బరువంతా హౌసింగు మోస్తుంది, షాఫ్టు తిప్పడానికే. ఎద్దులబండి తెలివి లారీల్లోకి వచ్చిందంటాను నేను, మీ నాన్న నవ్వుతాడు. షాఫ్టు విరిగినా చక్రం నిలబడుతుంది.

బ్రేకులూ చూసుకోవాలి, పెద్ద చక్రాన్ని ఆపడం కష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది, ఆర్‌సీలో ఉన్నదాన్ని మన ఇష్టానికి మార్చడానికి లేదు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నిలబడేవాడికి ఇవేవీ అక్కర్లేదు కూడా.

ఆదివారం హౌసింగు మూత విప్పుతున్నా. ఇద్దరూ పాత బట్టల్లో రండి, ఈపీ 90 గేరు నూనె గంధకం వాసన రెండు ఉతుకులకు గానీ వదలదు. అమ్మమ్మకు చెప్పకండి, వంటింటి పళ్లెం ఒకటి నట్లు వేసుకోవడానికి తీసుకున్నా.

మీ
తాతయ్య