ఏసీలో గ్యాస్ అయిపోదు

మార్చి దాటితే చాలు, విజయవాడలో ఏసీ మెకానిక్ దొరకడం గగనం. దొరికినా, వచ్చి చూసి చెప్పే మాట చాలాసార్లు ఒకటే: "గ్యాస్ అయిపోయింది సార్, ఎక్కించాలి." మా ఇంట్లో వరసగా రెండు వేసవులు ఇదే మాట విన్నాం, రెండుసార్లూ డబ్బు కట్టాం. మూడో ఏడు మళ్లీ చల్లదనం తగ్గేసరికి అసలు ఈ గ్యాస్ ఎక్కడికి పోతోందని అడగాలనిపించింది.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడేకొద్దీ ఖర్చవదు. మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబడటం మనకు తెలిసిందే. ఆవిరయ్యేటప్పుడు నీరు కుండలోని వేడిని వెంట తీసుకుపోతుంది. ఏసీ చేసే పనీ అదే, నీటి బదులు గ్యాస్‌తో. కాకపోతే కుండ తన ఆవిరిని గాలిలో కలిపేస్తుంది. ఏసీ మాత్రం ఆ ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి, బయటి యూనిట్‌లో వేడి వదిలించి, మళ్లీ ద్రవంగా మార్చి లోపలికి పంపుతుంది. ఫ్యాక్టరీలో నింపిన గ్యాసే ఏసీ పాడయ్యేదాకా తిరగాలి. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా గ్యాస్ ఎక్కించడమంటే చిల్లు బిందెలో నీళ్లు పోయడమే.

ఈసారి వచ్చిన కుర్రాడు ముందు కొత్త గ్యాస్ సిలిండర్ బయటికి తీయలేదు. మిగిలిన పాత గ్యాస్‌ను వేరే సిలిండర్‌లోకి లాగి, పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి, రాగి పైపు లోపలి యూనిట్‌తో కలిసే చోట సబ్బు నురుగు రాశాడు. ఒక నట్టు దగ్గర ఆవగింజంత బుడగలు ఒకటి వెనక ఒకటి లేచాయి. ఆ పైపు కొస కోసి, కొత్త కొసను గరాటు మూతిలా వెడల్పు చేసి (దీన్నే ఫ్లేర్ అంటారు) బిగించాడు. రెండేళ్ల మా డబ్బు పోయిన దారి అదే.

ఆ తర్వాత పైపుల్లోని గాలిని లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టాడు. చాలామంది తొందరలో ఎగ్గొట్టే పని ఇదే. పైపు విప్పినప్పుడల్లా గాలి, గాలితోపాటు తేమ లోపలికి పోతాయి. గాలి ద్రవంగా మారదు కాబట్టి కండెన్సర్‌లో, అంటే బయటి యూనిట్‌లో గ్యాస్ ద్రవంగా మారే కాయిల్‌లో, అడ్డం కూర్చుని ఒత్తిడి పెంచుతుంది, కరెంటు బిల్లూ పెంచుతుంది. తేమ ఇంకా చెడ్డది. కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లంగా మారి, కంప్రెసర్ మోటారు తీగచుట్టను (వైండింగ్‌ను) తినేస్తుంది.

మరి సన్నటి పైపులో అంటుకున్న తడిని బయటికి ఎలా తీయాలి? ఇది కుక్కర్‌కు సరిగ్గా తిరగేసిన వ్యవహారం. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీరు 100 డిగ్రీలు దాటాక గానీ మరగదు. ఒత్తిడి తగ్గిస్తే ముందే మరుగుతుంది. మన చుట్టూ గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. పైపులో దాన్ని 32 కన్నా కిందికి దించితే 30 డిగ్రీల దగ్గరే నీరు మరిగి ఆవిరైపోతుంది. మంచి మెకానిక్ అక్కడితో ఆగడు, అర మిల్లీమీటరుకు, అంటే 500 మైక్రాన్లకు దించుతాడు. పంపు ఆపాక ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కదలకుండా నిలబడితేనే లీకూ తడీ లేవని నమ్మకం. దీనికి అరగంటైనా పడుతుంది. మనం టెన్షన్ పడి తొందరపెట్టకూడదు.

గ్యాస్ ఎంత ఎక్కించాలో చెప్పాల్సింది తూకం, అందాజు కాదు. బయటి యూనిట్‌కు అతికించిన స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, బరువు ఉంటాయి. మాది ఆర్-32, 820 గ్రాములు. పైపు మామూలు కన్నా పొడుగైతే మీటరుకు ఇన్ని గ్రాములని కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం కలపాలి. గేజ్ ఒక్కదాన్నే చూసి నింపితే మోసపోయే అవకాశం ఎక్కువ. పాత ఆర్-22 ఏసీల్లో గేజ్ 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తే లోపలి కాయిల్ 5 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. పాత అలవాటుతో ఆర్-32కీ అదే 70 దగ్గర ఆపేస్తే కాయిల్ సుమారు మైనస్ 10 డిగ్రీలకు పోయి మంచు గడ్డ కడుతుంది. పైపు మీద మంచు చూసి "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అనుకుంటాం గానీ, గ్యాస్ తక్కువైందని చెప్పే గుర్తుల్లో అదొకటి. ఎక్కువైనా ముప్పే. ఆవిరవని ద్రవం కంప్రెసర్‌లోకి పోతే అది దెబ్బతింటుంది.

గాలిలోకి పోయిన గ్యాస్ మాటేమిటి? ఆర్-22 ఓజోన్ పొరకు చేటు. ఆర్-32తో ఆ బాధ లేదు. కానీ ఒక కిలో బయటికి వదిలితే, వందేళ్ల లెక్కలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి భూమికి అంటుకుంటుంది. అందుకే పాత గ్యాస్‌ను ఊరికే గాలిలోకి వదలకుండా వేరే సిలిండర్‌లోకి లాగి పెట్టడం నాకు గొప్ప పనిగా తోచింది. పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది, కిటికీలు తెరిచి ఉంచడం తప్పనిసరి.

సిలిండర్‌ను కాటా మీద పెట్టి, 820 గ్రాములు తగ్గగానే కవాటం కట్టేశాడు. పావుగంట ఏసీ నడిపి, లోపలికి పోయే గాలి 31 డిగ్రీలు, బయటికొచ్చే గాలి 19 అని థర్మామీటర్ చూపించాడు. వెళ్తూ వెళ్తూ బయటి యూనిట్ మూత లోపలివైపు మార్కర్‌తో ఆ రోజు తేదీ, ఎక్కించిన గ్రాములు రాసి వెళ్లాడు.