వానలో మిగిలిన మందులు

చీమల బారు కనిపిస్తే గమాక్సిన్ పొడి చల్లడం మన ఇళ్లలో ఒకప్పుడు మామూలు విషయం. ఆ పొడిలో పురుగును చంపేది లిండేన్. కెనడాలో కనోలా అనే నూనెగింజల పంట పండించే రైతులు దాన్నే విత్తనాలకు పట్టించేవారు. ఇలాంటి మందు చల్లిన చోటే ఉండిపోదు. కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది, ఎక్కడికో పోయి వానతోనో మంచుతోనో కిందికి దిగుతుంది.

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ అనే పెద్ద సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవి మీద సిస్కివిట్ అనే చిన్న సరస్సు ఉంది. అక్కడ ఫ్యాక్టరీ లేదు, పొలం లేదు, మురుగు కాలువ లేదు. అయినా 1970లలో ఆ సరస్సు చేపల్లో పీసీబీలు దొరికాయి. ఇవి పురుగుమందులు కావు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి వాటిలో ఒకప్పుడు వాడిన విష రసాయనాలు. ఆకాశం నుంచి తప్ప ఇంకెటునుంచీ వచ్చే దారి లేదు. అందుకే 1990 నుంచి అమెరికా, కెనడా కలిసి గ్రేట్ లేక్స్ (సుపీరియర్‌తో సహా రెండు దేశాల మధ్య ఉన్న అయిదు పెద్ద సరస్సులు) ఒడ్డున గాలినీ వాననూ మంచునూ ఆపకుండా కొలుస్తున్నాయి.

పరికరం చూస్తే సాదాసీదాగా ఉంటుంది. మూత ఉన్న స్టీలు గరాటు, కింద రెజిన్ పూసలు నింపిన గొట్టం. చినుకు సెన్సర్‌కు తగలగానే మూత పక్కకు జరుగుతుంది, వాన ఆగగానే మూసుకుంటుంది. లేకపోతే పొడి దుమ్ము పడి లెక్క పాడవుతుంది. చలికాలంలో హీటర్ మంచును కరిగిస్తుంది. నీళ్లు పూసల మధ్య నుంచి జారిపోతాయి, రసాయనాలు పూసలకు అంటుకుంటాయి. సుమారు నెలకోసారి ఆ గొట్టం ల్యాబ్‌కు వెళ్తుంది. అక్కడ కొలిచేది నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అంత సూక్ష్మం కాబట్టి వాన తగలని ఖాళీ గొట్టాన్ని కూడా అదే దారిలో తిప్పి పరీక్షిస్తారు. దాంట్లో ఏమైనా దొరికితే అది వానది కాదు, మన చేతులదో డబ్బాదో. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ జాగ్రత్తే.

ఒక్క ఏడాది అంకెను పట్టుకుని ఏమీ చెప్పలేం. పెద్ద వానకు మందు పలచబడుతుంది, విత్తనాల కాలంలో వానలో లిండేన్ పెరిగేది. ఏళ్లు గడిస్తేనే అసలు దారి తెలుస్తుంది. 2004లో కెనడా పొలాల్లో లిండేన్ ఆపాక వానలో అది చకచకా తగ్గింది. పీసీబీల తయారీని అమెరికా 1979లోనే ఆపినా అవి ఇప్పటికీ నత్తనడకనే తగ్గుతున్నాయి. మారుమూల ఒడ్డులతో పోలిస్తే షికాగో వానలో పీసీబీలు చాలా ఎక్కువ. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో, కట్టడాల్లో మిగిలిపోయినవి ఇంకా ఆవిరవుతూనే ఉన్నాయి కాబట్టి.

మన దేశంలో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును సుప్రీంకోర్టు 2011లో ఆపింది, లిండేన్ వాడకం 2013లో ఆగింది. గుంటూరు పత్తి చేల మీద కురిసే వానలో అవి ఎంత తగ్గాయో నమ్మకంగా చెప్పాలంటే ఇలాంటి గరాటు ఒకటి, ఇరవై ఏళ్లపాటు నెలనెలా గొట్టం మార్చే మనుషులు, మధ్యలో ఆగిపోని డబ్బు కావాలి.