పొత్తికడుపు నొప్పి: ఓర్చుకోవడం, గర్భసంచి తీయించుకోవడం తప్ప దారి లేదా?

కర్నూలులో గైనకాలజిస్టుని. ఆదోని, పత్తికొండ, ఆలూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో చాలామంది పొత్తికడుపు నొప్పిని ఏళ్ల తరబడి ఓర్చుకుని, ఇక చేతకాక వస్తారు. అన్నాళ్లూ వాళ్లను ఆపింది ఇంట్లో వినే మాటలే.

అపోహ: బహిష్టు నొప్పి అందరికీ ఉండేదే, పెళ్లయి పిల్లలు పుడితే పోతుంది.
వాస్తవం: మొదటి ఒకటి రెండు రోజులు ఉండి, మామూలు మాత్రతో తగ్గే నొప్పికి భయం అక్కర్లేదు. కాలేజీ మానేసి పడుకోవాల్సి వస్తున్నా, నెలనెలా పెరుగుతున్నా, కలయికలోనో విరేచనానికి వెళ్లినప్పుడో నొప్పి వస్తున్నా ఎండోమెట్రియోసిస్‌ని అనుమానించాలి. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగే జబ్బు ఇది. పిల్లలు పుట్టే వయసులో ఉన్నవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనివల్ల గర్భం రావడమే కష్టం కావచ్చు. అలాంటిది నొప్పికి మందని పెళ్లి చేయడం ఆ పిల్లకు అన్యాయం.

అపోహ: స్కానింగ్ నార్మల్ అంటే ఏ జబ్బూ లేనట్టే.
వాస్తవం: చిన్న ఎండోమెట్రియోసిస్ మచ్చలు స్కానింగ్‌లో తరచూ కనిపించవు. రిపోర్టు చేతిలో పెట్టుకుని కోడలిది నాటకం అనకండమ్మా.

అపోహ: అంతా వేడి చేయడం వల్లే.
వాస్తవం: మజ్జిగ, సబ్జా నీళ్లు తాగండి, మన ఎండలకు మంచివే. మూత్రంలో మంట ఉంటే ఇన్ఫెక్షన్, నడుము నుంచి గజ్జల్లోకి దిగే నొప్పి అయితే కిడ్నీలో రాయి కావచ్చు. వాసనతో తెల్లబట్ట, జ్వరం కలిస్తే ఆలస్యం వద్దు. అది గర్భసంచికి పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు, ముదిరితే గర్భసంచికి రెండువైపులా ఉండే, అండం వచ్చే ట్యూబులు మూసుకుపోవచ్చు. కొన్నిసార్లు భర్తకూ ట్రీట్‌మెంట్ ఇవ్వాలి, ఆయన్నీ తీసుకురండి.

అపోహ: పిల్లలు చాలనుకున్నాక గర్భసంచి తీయిస్తే పీడ వదులుతుంది.
వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి సుమారు ముగ్గురైతే, మన రాష్ట్రంలో సుమారు తొమ్మిది మంది. కూలికి పోకపోతే గడవని ఇంట్లో మాటిమాటికీ ఆసుపత్రికి తిరగలేక, ఒక్కసారే అయిపోతుందని ఒప్పుకుంటారు. నొప్పి పేగుల నుంచో మూత్రాశయం నుంచో వస్తుంటే ఆపరేషన్ తర్వాతా అది అలాగే ఉంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిపోయే దశ ముందే వచ్చి, ఎముకలు బలహీనపడతాయి. ఆపరేషన్ నిజంగా అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు. అయితే సంతకం పెట్టేముందు జబ్బు పేరేంటి, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

తెల్లవారేదాకా ఆగకూడని నొప్పులూ ఉన్నాయి. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, అపెండిక్స్ కావచ్చు. నెల తప్పాక ఒకవైపు నొప్పి, రక్తం కనిపించడం, కళ్లు తిరగడం, భుజం కొనన నొప్పి ఉంటే ట్యూబులో గర్భం పగిలి ఉండొచ్చు. అది ప్రాణాపాయం, వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లల ఆపరేషన్ అయిందిగా, గర్భం ఎలా వస్తుందని తోసేయకండి. అరుదుగానైనా ఆపరేషన్ తర్వాతా వస్తుంది, వచ్చినప్పుడు అది ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ.