సెట్లు ఎన్ని? హన్మకొండ జిమ్ముల్లో తెగని వాదన వెనక ఉన్న చరిత్ర

సోమవారం సాయంత్రం హన్మకొండలో జిమ్‌కు వెళ్తే బెంచ్ ప్రెస్ దగ్గరే రద్దీ. ఛాతీకి ఐదు ఎక్సర్‌సైజులు, ఒక్కోదానికి నాలుగు సెట్లు అని చార్ట్ చెబుతుంది. మొత్తం ఇరవై. సెట్ అంటే బరువును ఆపకుండా కొన్నిసార్లు ఎత్తి దించడం. ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చిన కుర్రాళ్లు మాత్రం ప్రాణం పెట్టి చేస్తే ఒక్క సెట్ చాలంటారు. రెండూ అరువు తెచ్చుకున్నవే. ఎవరి దగ్గర తెచ్చుకున్నామో తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

జిమ్ములకు ముందు మనకు తాలీంఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు వందల లెక్కన తీసేవాళ్లు. కుస్తీలో దమ్ము నిలవాలి కాబట్టి అక్కడ ఆ లెక్క సరైనదే. ఇనుము వచ్చాక కూడా ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదన్న నమ్మకం మనల్ని వదల్లేదని నా అభిప్రాయం.

బరువుల సెట్లను పద్ధతిగా లెక్కగట్టిన తొలివాళ్లలో అమెరికా సైన్యంలోని డాక్టర్ థామస్ డిలోర్మ్ ఒకరు. గాయపడిన సైనికుల కాళ్లకు బలం రావడానికి పదేసి రెప్స్‌తో (రెప్ అంటే ఒకసారి ఎత్తి దించడం) ఏడు నుంచి పది సెట్లు చేయించాడు. 1948కి వచ్చేసరికి అంత అక్కర్లేదు, మూడు చాలని తన లెక్కను తనే మార్చుకున్నాడు. 1947లో బాడీబిల్డింగ్ పోటీలో మిస్టర్ అమెరికా అయిన స్టీవ్ రీవ్స్ కూడా వారానికి మూడు రోజులే, ఒక్కో రోజు ఒళ్లంతటికీ వ్యాయామం చేసేవాడు.

1970ల్లో కథ మారింది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వారానికి ఆరు రోజులు, చాలాసార్లు రోజుకు రెండు పూటలు చేసేవాడు. ఒక్కో భాగానికి ఇరవై సెట్ల అలవాటు ఆ కాలం నాటిదే. అప్పటికే పోటీల్లో కండ పెంచే మందులైన స్టెరాయిడ్లు మామూలైపోయాయి. ఆ చార్ట్ మన గోడల దాకా వచ్చింది కానీ దాని వెనకున్న మందులు, తిండి, నిద్ర సంగతి ఎవరూ రాయలేదు. స్టెరాయిడ్లు గుండెను, హార్మోన్లను దెబ్బతీస్తాయి. చార్ట్‌కు సరిపడా ఒళ్లు రాలేదని సూది వైపు చూసే పిల్లల్ని తలచుకుంటే భయమేస్తుంది.

అదే దశాబ్దంలో నాటిలస్ అనే వ్యాయామ మెషీన్లు తయారు చేసిన ఆర్థర్ జోన్స్ ఎదురు తిరిగాడు. ఒక్క సెట్, ఇక లేవదన్నంత దాకా, తర్వాత విశ్రాంతి. బాడీబిల్డర్ మైక్ మెంట్జర్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. డోరియన్ యేట్స్ వారానికి నాలుగు రోజులే చేసి 1992 నుంచి 1997 వరకు ఆరు సార్లు బాడీబిల్డింగ్‌లో అతి పెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచాడు. మన కుర్రాళ్లు పట్టించుకోనిది ఒకటుంది. యేట్స్ లెక్కలోని ఆ ఒక్క సెట్‌కు ముందు వార్మప్ సెట్లు ఉండేవి. పైగా ఒకే భాగానికి మూడు నాలుగు ఎక్సర్‌సైజులు చేసేవాడు. ఆయన కూడా స్టెరాయిడ్లు వాడినట్టు బహిరంగంగానే చెప్పాడు. తర్వాత రోనీ కోల్‌మన్ బోలెడు సెట్లు, భారీ బరువులతో ఎనిమిది సార్లు అదే పోటీ గెలిచేసరికి గాలి మళ్లీ అటు తిరిగింది.

ఈ ఊగిసలాట ఇప్పుడు కాస్త నిలకడకు వచ్చింది. 2017లో పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఒక్కో కండకు వారానికి పది, ఆపైన సెట్లు చేస్తే అంతకన్నా తక్కువ చేసినప్పటి కంటే పెరుగుదల ఎక్కువని చెప్పింది. రోజుకు కాదు, వారానికి. సెట్లు పెరిగేకొద్దీ అదనంగా దక్కేది తగ్గుతుంది. ప్రతి సెట్ పూర్తిగా చేతులెత్తేసే దాకా లాగనక్కర్లేదు, ఒకటి రెండు రెప్స్ మిగిలుండగా ఆపినా కండ పెరుగుతుంది. అయితే ఆరేడు మిగిలుండగానే ఆపేసి ఫోన్ పట్టుకుంటే అది సెట్ కింద లెక్కకు రాదు.

రోజంతా బట్టల షాపులో నిలబడేవాళ్లు, గోదావరిఖనిలో బొగ్గు బాయి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు ఒకే పూట ఇరవై సెట్లు చేస్తే చివరివి ఉత్త ఊపుడే. సోమవారం ఛాతీకి ఆరు, గురువారం ఆరు గట్టిగా చేసి, ఎత్తిన బరువు నోట్‌బుక్‌లో రాసుకుంటే నెలకే తేడా తెలుస్తుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసేవాళ్లు కాళ్ల సెట్లు సగానికి తగ్గించాలి. రామగుండం మే నెల ఎండల్లో అయితే ఇంకా తక్కువ.