పాత పేపర్లలో ‘రైతు’ అంటే ఎవరు? కొన్ని అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పాత తెలుగు పత్రికల బైండు వాల్యూములు చదివి ఊళ్లవారీగా ఇండెక్స్ రాయడం నా పని, ఎక్కువగా 1950కి ముందువి. తాతల పొలాల సంగతి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు జాస్తి. వాళ్లు బోల్తా పడేది గ్రాంథికం దగ్గర కాదు, అందరికీ తెలిసిన ‘రైతు’ అనే మాట దగ్గర. తెలిసిన మాటే కదా అని ఎవరూ ఆగి చూడరు.

అపోహ: రైతంటే పొలం దున్నేవాడు.

వాస్తవం: ఇప్పుడు అంతే. అప్పటి పేపర్లో మాత్రం ముందు చూడాల్సింది శిస్తు, అంటే భూమి పన్ను, ఎవరి పేరున ఉందీ అని. అసలు ఇది అరబ్బీ నుంచి వచ్చిన మాట, పాలకుడి కింద ఉండే ప్రజ అని అర్థం. రైత్వారీ ఊళ్లలో సర్కారుకి నేరుగా శిస్తు కట్టే పట్టాదారు రైతు, ఆయన జన్మలో నాగలి ముట్టకపోయినా సరే. దున్నింది పాలేరో కూలీయో కోరుకి, అంటే పంటలో వాటాకి, చేసే కౌలుదారో అయ్యుండొచ్చు, వాళ్ల పేర్లు ఆ వార్తలో ఉండవు, నాకు ఇప్పటికీ బాధనిపించేది అదే.

అపోహ: ‘జమీన్ రైతు’ అంటే బాగా భూములున్న ఆసామి.

వాస్తవం: 1930లో నెల్లూరు వెంకట్రామానాయుడు గారు మా ఊళ్లో పెట్టిన వారపత్రిక పేరు ఇదే కాబట్టి అందరూ విన్నదే, కానీ అర్థం మాత్రం తిరగబడిపోయింది. జమీన్ రైతు అంటే జమీందారీ ఊళ్లో రైతు, అంటే శిస్తు కలెక్టరుకి కాకుండా జమీందారుకి కట్టేవాడు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ఈ రైతుకి సాగుహక్కు ఒప్పుకుంది, ఆ చట్టం లెక్కలో భూస్వామి అంటే జమీందారే. అందుకని ఎస్టేటు, అంటే జమీ, వార్తల్లో ‘రైతులకూ భూస్వామికీ తగాదా’ అని కనపడితే ఇటు పక్కనున్న రైతు బీదవాడే అనుకోకండి, వందెకరాలున్నా ఆయన రైతే. ‘కమతం’ కూడా అట్నే, ఇప్పుడు ఎవరి సాగుభూమైనా కమతమే, అప్పుడు ఎస్టేటు వార్తల్లో జమీందారు సొంతానికి ఉంచుకున్న పొలం.

పొదిలి వైపు నుంచి ఒకాయన వచ్చాడు, వాళ్ల తాతని పేపర్లో రైతు అన్నారు కాబట్టి సర్కారు పట్టా ఉండే ఉంటుందని ఏళ్ల తరబడి తిరిగాడంట పాపం. ‘అన్నా, పొదిలి, దర్శి వెంకటగిరి జమీ కింద ఉండేవి, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే కదా అక్కడ రైత్వారీ పట్టాలు, అంతకుముందువి కావాలంటే ఎస్టేటు కాగితాల్లో చూడాలి’ అని నేను చెప్తే అట్టా కూర్చుండిపోయాడు.

అపోహ: ఒక పేపర్లో ఒకసారి అర్థం తెలిస్తే అంతటా అదే.

వాస్తవం: కానే కాదు, ఒకే సంచికలో కూడా మారుతుంది. శిస్తు బాకీకి వేలం ప్రకటనలో రైతు అంటే అచ్చంగా పట్టా ఉన్నవాడు. సభ వార్తలో, సంపాదకీయంలో అదే మాటకి అర్థం వెడల్పవుతుంది, ముఖ్యంగా రైతు నాయకుడు ఎన్.జి.రంగా గారు కార్యదర్శిగా 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టిన రోజుల్లో, పల్లెలో పొలం మీద బతికే వాళ్లంతా రైతులే అన్నట్టు రాస్తారు. అక్కడ కూడా ‘రైతులు, కూలీలు’ అని విడగొట్టి రాశారా లేదా చూసుకోవాలి. విడగొడితే మాట మళ్లీ ఇరుకైనట్టే. కాబట్టి క్లిప్పింగు ఒక్కటే ఫోటో తీసుకుని పోవద్దు, అది ఏ శీర్షిక కింద పడిందో కూడా తీసుకోండి.

అపోహ: మా ప్రకాశం జిల్లా వార్తలు పాత పేపర్లలో అసలు లేవు.

వాస్తవం: వార్తలు ఉండాయి, అప్పటికి జిల్లానే లేదు. అది ఏర్పడిందే 1970లో. అంతకుముందు పదేళ్లూ ఇరవయ్యేళ్లూ వెనక్కి పోతే కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు వార్తల్లో చూడాలి, ఒంగోలు, అద్దంకి గుంటూరు వార్తల్లో, మార్కాపురం కర్నూలు వార్తల్లో. స్కాన్ కాపీల్లో వెతికేటప్పుడు ‘రైతు’తో పాటు ‘రయితు’ అని కూడా కొట్టండి, రెండు రకాలుగానూ అచ్చేశారు.