ట్రయల్‌కి తీసుకున్న బండి: ఇన్సూరెన్స్ ఎవరిని కాస్తుంది, ఎవరిని కాయదు

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇంజిన్ శబ్దం వింటారు, సైలెన్సర్ పొగ చూస్తారు, చెయిన్ లాగి చూస్తారు. "ఓ రౌండ్ వేసి రండి" అని తాళం చేతికివ్వగానే ఎక్కేస్తారు. ఆ రౌండ్‌లో ఏదైనా జరిగితే డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్న ప్రశ్న బండి కింద పడ్డాక గానీ గుర్తుకు రాదు. విశాఖలో బేరాల దగ్గర తరచూ వినపడే మాటలివి.

అపోహ: నా బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఎవరి బండి నడిపినా అదే కాస్తుంది.

కాయదు. మన దగ్గర టూవీలర్ పాలసీ బండికి కట్టేది. దాని మీద రిజిస్ట్రేషన్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఉంటాయి, ఆ బండి దాటి అది పనిచెయ్యదు. కాబట్టి ట్రయల్ వేసేటప్పుడు మీకున్న రక్షణ, మీరు ఎక్కిన బండి పాలసీలో ఎంతుంటే అంతే.

అపోహ: పాలసీ ఓనరు పేరు మీద ఉంది, ఆయన నడిపితేనే చెల్లుతుంది.

ఇది దానికి తిరగబడ్డ పొరపాటు. పాలసీలో డ్రైవరు షరతు చదవండి: ఓనరుతో సహా ఎవరైనా నడపొచ్చు, చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి, అంతే. తిరకాసంతా ఆ లైసెన్స్‌లోనే ఉంది. గేర్లు లేని స్కూటర్‌కి మాత్రమే లైసెన్స్ ఉన్నవాళ్లు గేర్ల బండి ఎక్కి ఎవరినైనా గుద్దితే, బాధితుడికి ముందు కట్టిన కంపెనీ ఆ సొమ్మును ఓనరు దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చు. లైసెన్స్ లేనివాళ్లకి బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద ఓనరుకి 5,000 జరిమానా, లేదా జైలు, లేదా రెండూ. అమ్మేవాళ్లు తాళం ఇచ్చే ముందు లైసెన్స్ ఫోటో తీసుకోవడం మర్యాద తక్కువ పనేం కాదు.

అపోహ: ఇన్సూరెన్స్ ఫోర్స్‌లో ఉందన్నారు, ఇంకేం చూడక్కర్లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 2018 సెప్టెంబర్ 1 నుంచి అమ్మిన కొత్త టూవీలర్లకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కవర్) ఒకేసారి 5 ఏళ్లకి కడతారు. బండికి జరిగే సొంత నష్టానికి కవర్ చాలాసార్లు మొదటి ఏడాదికే ఉంటుంది. 2022 మార్చిలో కొన్న బండికి థర్డ్ పార్టీ 2027 మార్చి దాకా ఉంటుంది, రెండోది 2023 మార్చిలోనే ముగిసిపోయి ఉండొచ్చు. ఓనరు అబద్ధం చెప్పడం లేదు, ఆయన చెప్పేది మొదటి తేదీ. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ కాస్తుంది. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం టూవీలర్ పాలసీలో మామూలు పరిమితి 1 లక్ష. మీరు పడగొట్టిన బండికి అది పైసా ఇవ్వదు.

అందుకే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కనిపించే ఒక్క తేదీతో సరిపెట్టుకోకుండా పాలసీ పీడీఎఫ్ అడగండి. మొదటి పేజీలో రెండు కవర్ల గడువులూ విడివిడిగా చూడండి. ఛాసిస్ నంబరుని ఫ్రేమ్ మీద, హ్యాండిల్ మెడ దగ్గర చెక్కినదానితో పోల్చండి. విశాఖలో ఉప్పుగాలికి అక్కడ తుప్పు పేరుకుంటుంది, గుడ్డతో తుడిచి చదవాలి.

థర్డ్ పార్టీ కూడా లేని బండి ఎక్కొద్దు. కాలనీ రోడ్డయినా అది బహిరంగ స్థలమే. 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, జైలు శిక్షకూ వీలుంది. నడిపినవాళ్లకే కాదు, నడపనిచ్చినవాళ్లకీ వర్తిస్తుంది. 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం ఏడాది థర్డ్ పార్టీ 75 నుంచి 150 సీసీ బండికి 714, 350 సీసీ దాకా 1,366, ఆపైన 2,804, జీఎస్టీ అదనం. ముందు అది కట్టించి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.

అపోహ: బండి పడితే క్లెయిమ్ వస్తుంది, నాకు ఖర్చుండదు.

బీచ్ రోడ్డులో యూటర్న్ దగ్గర ఇసుక మీద ముందు టైరు జారిందనుకోండి. క్లచ్ లివర్, ఫుట్‌రెస్ట్, ఇండికేటర్, హెడ్‌లైట్ డూమ్ పోతాయి. జీరో డిప్ (పాతబడ్డ భాగాలకి కోత వేయని అదనపు కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే లెక్క. నాలుగు నుంచి ఐదేళ్ల బండికి ఇనుప భాగాల్లో 35 శాతం కోత, పైగా తప్పనిసరిగా మినహాయించే 100. ఇంత చిన్న మొత్తానికి క్లెయిమ్ వేస్తే అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుంది. అది బండితో పోయేది కాదు, ఆయన తర్వాతి బండికి వాడుకోవాల్సింది. కాబట్టి ఆయన మిమ్మల్నే అడుగుతారు, అడగడం న్యాయమే. ఎక్కకముందే వాట్సాప్‌లో ఒక మాట రాసుకోండి: "5,000 లోపు నష్టం నాది, దాటితే క్లెయిమ్ వేద్దాం, కంపెనీ ఇవ్వనిది నేను కడతాను."

అపోహ: ఓనరు పాలసీలో 15 లక్షల ప్రమాద బీమా ఉంది, నాకూ వర్తిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఆ కవర్ ఓనర్ డ్రైవర్‌ది, రిజిస్టర్డ్ ఓనరే పాలసీదారుగా ఉండాలని షరతు. లారీ తప్పుతో మీకు దెబ్బ తగిలితే లారీ ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ వేయొచ్చు. మీ అంతట మీరు జారిపడితే ఆ బండి థర్డ్ పార్టీ మీకు రాదు, ఎందుకంటే దాని దృష్టిలో మీరు మూడో మనిషి కారు. అడిగి తీసుకున్న బండి నడిపేవాళ్లు ఓనరు స్థానంలో ఉన్నట్టేనని రాంఖిలాడి కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో చనిపోయిన మనిషి కుటుంబానికి చివరికి దక్కింది పాలసీలో ఉన్న 1 లక్ష ప్రమాద బీమా మొత్తమే, అదీ కోర్టు మెట్లెక్కాక.

అంటే ట్రయల్‌లో అందరికన్నా తక్కువ రక్షణ ఉన్నది సీటు మీద కూర్చున్న మీకే. సొంతంగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. అంతవరకు కనీసం బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా యోజన ఉందో లేదో చూసుకోండి. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి, ఆసుపత్రి ఖర్చులు మాత్రం రావు. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా? లేకపోతే 1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు.

అపోహ: ఆటో కన్సల్టెన్సీలో బండి కాబట్టి బాధ్యత షాపుదే.

మామూలు టూవీలర్ పాలసీ మోటారు వ్యాపార అవసరాలకి వాడకాన్ని మినహాయిస్తుంది. వ్యాపారి తన సరుకుగా ట్రయల్‌కి ఇచ్చిన బండి క్లెయిమ్‌ని కంపెనీ ఈ మాట పట్టుకుని తోసిపుచ్చొచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరు రవాణా శాఖ అనుమతి పత్రం తీసుకోవాలి, ఏ బండి ఎవరు ఎందుకు బయటికి తీశారో ట్రిప్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. అనుమతి పత్రం చూపమనండి, మీ ట్రయల్‌ని రిజిస్టర్‌లో రాయించండి. రెండూ లేవంటే నేరుగా పాత ఓనరుతో మాట్లాడండి. టీసీ (ట్రేడ్ సర్టిఫికెట్) నంబరు చూపిస్తే ఒప్పుకోకండి, అది రిజిస్టర్ కాని కొత్త బండ్లకి.

అపోహ: పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే క్లెయిమ్ రాదు.

ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది. జరిమానా వేరే సంగతి.

అపోహ: బండి కొనేశాక పాత ఇన్సూరెన్స్ దానంతటదే నా పేరుకి వచ్చేస్తుంది.

థర్డ్ పార్టీ వరకు వస్తుంది. సొంత నష్టం కవర్ రాదు. 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి, ఆ లోపు బండి పడితే ఖర్చు మీదే. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైము కూడా వేయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. మధ్యాహ్నం మద్దిలపాలెంలో చేతులు మారిన బండి అదే సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఎవరికైనా తగిలితే, అప్పటికి బండి ఎవరి చేతిలో ఉందో చెప్పేది ఆ టైమే.