తకెమిత్సు మౌనముని కాదు: ఒక ఫ్లూట్ టీచర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను ఫ్లూట్ నేర్పుతాను. వేణువు కాదు, మీటలుండే వెండి ఫ్లూట్. గ్రేడు పరీక్షలన్నీ అయిపోయిన పిల్లల చేతిలో జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు రాసిన పేజీలు పెడతాను. వారం తిరక్కుండానే ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "సార్, మావాడు ఊదుతున్నాడా, ఆయాసపడుతున్నాడా?" వాళ్ళని తప్పుపట్టను. నెట్‌లో వెతికితే ఈయన గురించి కనిపించేది జెన్ బౌద్ధం, తోటలు, నిశ్శబ్దం. అందులో నిజం లేకపోలేదు గానీ, దానితో ఆగిపోతే మనిషి కనిపించడు.

అపోహ: జపాన్ సంప్రదాయ సంగీతం ఉగ్గుపాలతో అబ్బింది.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయింది ఇదే. ఆయన 1930 అక్టోబర్ 8న టోక్యోలో పుట్టారు. నెల వయసులోనే కుటుంబం ఈశాన్య చైనాలోని మంచూరియా ప్రాంతంలో ఉన్న దాలియన్‌కి వెళ్ళిపోయింది. అక్కడ ఇంట్లో వినిపించింది తండ్రికి ఇష్టమైన జాజ్ రికార్డులు. బడి కోసం 1938లో టోక్యో తిరిగొచ్చి బంధువుల ఇంట్లో ఉన్నారు. ఆ ఇంటి ఇల్లాలు కోటో అనే జపాన్ సంప్రదాయ తీగవాద్యం నేర్పేవారు. పక్క గదిలోంచి రోజూ వినిపించినా పిల్లాడి మనసుకి మాత్రం పట్టలేదు.

1944లో, 14 ఏళ్ళకే, సైన్యం పనికి తీసుకెళ్ళారు. శత్రుదేశాల సంగీతం వినకూడని రోజులవి. ఒకరోజు అక్కడి సైనికుడొకరు గుట్టుగా గ్రామఫోన్ మీద ఒక ఫ్రెంచ్ ప్రేమపాట వినిపించారు. సూది లేదు, వెదురు పుల్లని సన్నగా చెక్కి పెట్టారు. యుద్ధం అయ్యాక సంగీతమే నా పని అని ఈ కుర్రాడు అనుకోవడానికి బీజం ఆ పాటే. ఆ తర్వాత జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు తోడున్నది అమెరికన్ సైన్యం రేడియో.

జపనీస్ సంగీతం అంటే ఆయనకి యుద్ధం గుర్తొచ్చేది. చాలా ఏళ్ళు కావాలనే దూరం పెట్టారు. తర్వాతెప్పుడో బున్‌రాకు తోలుబొమ్మలాట లాంటి... కాదు, అవి చెక్కబొమ్మలు, ఆ ప్రదర్శనకి వెళ్ళి షమిసెన్ అనే తీగవాద్యం మోత విని కదిలిపోయారు. సొంత ఊరి సంగీతాన్ని పరాయివాడిలా, కొత్తగా విన్నారన్నమాట. అక్కణ్ణుంచే ఆయన రచనల్లోకి బీవా అనే తీగవాద్యం వచ్చింది. దాని తీగ జుమ్మని గీరుకుంటూ మోగుతుంది. ఆ గీరుని వాళ్ళు 'సవారి' అంటారు. మన తంబూరా తీగ కింద నూలుపోగు సర్దితే నాదానికి జీవం వస్తుంది చూడండి, దానికి దగ్గర చుట్టం.

అపోహ: తూర్పునీ పడమరనీ కలిపిన ఫ్యూజన్ మాస్టర్.

1967 నవంబర్‌లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా 125వ వార్షికోత్సవం కోసం రాసిన 'నవంబర్ స్టెప్స్' వినండి. ఆర్కెస్ట్రాని సెయిజీ ఒజావా నడిపించారు. బీవా వాయించింది కిన్షీ త్సురుతా, షకుహాచీ అనే జపాన్ వేణువు ఊదింది కత్సుయా యొకొయామా. అందులో కలపడమే లేదు. ఆ రెండు వాద్యాలూ ఒక లోకం, ఆర్కెస్ట్రా ఇంకో లోకం. చాలాసేపు ఆర్కెస్ట్రా అంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది, వీళ్ళిద్దరే వాయిస్తారు. తేడాని తేడాగానే వినిపించడం ఆయన ఉద్దేశం. నన్నడిగితే ఫ్యూజన్ అన్న మాట ఈయన పక్కన పెట్టడమే తప్పు.

అపోహ: గురువు లేడు, కాబట్టి కష్టపడకుండానే వచ్చేసింది.

స్వరకర్త యసుజీ కియొసే దగ్గర 1948 నుంచి కొంతకాలం పాఠాలు చెప్పించుకున్నారు. మిగతాదంతా సొంతంగానే. కొనుక్కోవడానికి పియానో లేదు. అట్ట మీద మీటలు గీసుకుని వాటి మీద వేళ్ళు కదిపేవారు. వీధిలో వెళ్తుంటే ఎవరింట్లోనైనా పియానో వినిపిస్తే తలుపు తట్టి, ఐదు నిమిషాలు వాయించుకోనివ్వండి అని అడిగేవారు. ఆ సంగతి తెలిసి, అప్పటికి ముఖపరిచయం కూడా లేని స్వరకర్త తొషిరో మయుజుమి ఒక పియానో పంపించారు. 1950లో తొలిసారి తన రచన వినిపిస్తే ఒక విమర్శకుడు ఇది సంగీతం కాకముందు దశ అని రాసేశాడు. తకెమిత్సు సినిమా హాలు చీకట్లో కూర్చుని ఏడ్చారట.

1959లో రష్యాలో పుట్టిన ప్రఖ్యాత స్వరకర్త స్ట్రావిన్‌స్కీ జపాన్ వచ్చి, ఇక్కడివాళ్ళ సంగీతం వింటానన్నారు. పొరపాటున తకెమిత్సు రాసిన 'రెక్వియం' అనే రచన టేపు పెట్టారు. తీసేయబోతే స్ట్రావిన్‌స్కీ ఉండనివ్వండి అన్నారు, విన్నాక మెచ్చుకున్నారు. పెద్ద పేరు రావడానికి అదొక మలుపు.

అపోహ: మధ్యమధ్య ఖాళీలే కదా, వాయించడం సులువు.

ఇది అనేవాళ్ళకి నేను 1971 నాటి 'వాయిస్' అనే సోలో ఫ్లూట్ రచన ఇస్తాను. ఊదుతూనే గొంతుతో కూనిరాగం తీయాలి, మీటల్ని టకటక కొట్టాలి, ఫ్లూట్‌లోకి మాటలు పలకాలి. స్వరం ఆరిపోయే చోట గాలి ఎక్కడ ఆపాలో తెలియకపోతే వెనకొచ్చే నిశ్శబ్దం చచ్చుగా ఉంటుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే: స్వరం అయిపోగానే ఫ్లూట్ దించేస్తారు. దించొద్దు, పెదవి కదలొద్దు, ఊపిరి కూడా అప్పుడే పీల్చొద్దు అని చెప్పడానికే నాకు ఒక నెల పడుతుంది. లెక్కపెట్టి చూస్తే రెండు మూడు సెకన్లే. పదిమంది ముందు నిలబడితే మాత్రం టెన్షన్‌లో అదే అరగంటలా ఉంటుంది.

అందులో ఫ్రెంచ్‌లో "ఎవరక్కడ?" అని గద్దించే మాట ఒకటుంది. మా స్టూడెంట్ ఒకమ్మాయి రాత్రి తొమ్మిదింటికి దాన్ని గట్టిగా సాధన చేస్తుంటే కింద నుంచి వాచ్‌మన్ కర్ర పట్టుకుని మూడంతస్తులు ఎక్కొచ్చాడు. భాష రాకపోయినా భావం అందిందన్నమాట.

అపోహ: సినిమా పని డబ్బుల కోసమే.

వంద దాకా సినిమాలకి పనిచేశారు, అదీ ఇష్టపడి. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'రాన్' (1985) చూసినవాళ్ళకి కోట తగలబడే యుద్ధం గుర్తుండే ఉంటుంది. అరుపులు, గుర్రాల డెక్కలు, ఏమీ వినిపించవు, ఆర్కెస్ట్రా ఒక్కటే. చివర్లో ఒక తుపాకీ పేలుతుంది, అప్పుడు లోకం చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

అపోహ: నవ్వని, పాప్ పాటలు గిట్టని మనిషి.

బీటిల్స్ పాటల్ని గిటార్ కోసం తిరిగి రాశారు, అవి ఇప్పటికీ గిటారిస్టులు కచేరీల్లో వాయిస్తారు. 1995లో క్యాన్సర్ చికిత్స కోసం ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సరిగ్గా తినలేని రోజుల్లో, నోట్‌బుక్‌లో రంగు పెన్సిళ్ళతో బొమ్మలు వేసుకుంటూ వంటల తయారీ రాసుకున్నారు. ఆ ఏడాదే సోలో ఫ్లూట్‌కి 'ఎయిర్' రాశారు. 1996 ఫిబ్రవరి 20న పోయారు, 65 ఏళ్ళకి. ఆయన పూర్తి చేసిన చివరి రచన ఆ 'ఎయిర్'. మా వాళ్ళకి 'వాయిస్' తర్వాత నేను ఇచ్చేది కూడా అదే. ఈసారి వాచ్‌మన్‌కి ముందే చెప్పి పెడతాం.